నెలసరిని లెక్కగా రాసుకోవడం ఎలా: మొదటి తారీఖు నుంచి డాక్టర్ గది దాకా

గైనకాలజిస్టు ముందు కూర్చోగానే వచ్చే మొదటి ప్రశ్న "లాస్ట్ పీరియడ్ ఎప్పుడమ్మా?" అన్నదే. "సంక్రాంతి వెళ్ళిన వారంలో అనుకుంటానండీ" అని ఒకరు, "ఏకాదశి నాడు తలస్నానం చేశాను, లెక్కేసుకోండి" అని ఇంకొకరు చెప్తారు. స్కానింగ్ ఎప్పుడు తీయాలి, హార్మోన్ల పరీక్షకు రక్తం ఏ రోజు ఇవ్వాలి, గర్భమైతే ఎన్ని వారాలు అన్నవన్నీ ఆ ఒక్క తారీఖు మీద నడుస్తాయి. అందుకే దాన్ని గుర్తుంచుకోవడం కన్నా రాసిపెట్టుకోవడం మంచిది.

మన రెండు రాష్ట్రాల్లో దీనికి ఇంకో కారణం కూడా ఉంది. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ లోపు ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3 శాతం చిల్లర. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మాత్రం అది రెండింతలు దాటింది. ఈ ఆపరేషన్లకు ఎక్కువగా చెప్పే కారణం బ్లీడింగ్. కొందరికి ఆపరేషన్ నిజంగానే అవసరం. కానీ "బాగా అవుతోందండీ" అన్న ఒక్క మాటతో వెళ్ళినామెకూ, నాలుగు నెలలు ఎన్ని రోజులు, ఎన్ని ప్యాడ్లు అని రాసుకుని వెళ్ళినామెకూ డాక్టర్ గదిలో జరిగే సంభాషణ ఒకేలా ఉండదు. రెండో ఆమె మందులతో తగ్గుతుందేమో అడగగలదు, ఇచ్చిన మందు పనిచేసిందో లేదో తర్వాత చూపించగలదు. ఈ రాత పని ఎలా చేయాలో వరసగా చెప్తాను.

లోపల జరిగేది, ముందుగా

నెలసరి అంటే బ్లీడింగ్ అయ్యే ఆ నాలుగైదు రోజులు మాత్రమే కాదు. ఒక బ్లీడింగ్ మొదటి రోజు నుంచి తర్వాతి బ్లీడింగ్ ముందు రోజు దాకా మొత్తం ఒక చక్రం. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి ఓవరీకి సంకేతం పంపుతుంది. ఓవరీలో కొన్ని అండాలు పెరగడం మొదలై, వాటిలో సాధారణంగా ఒకటే పూర్తిగా ఎదుగుతుంది. ఆ సమయంలో తయారయ్యే ఈస్ట్రోజన్ అనే హార్మోన్ వల్ల గర్భసంచి లోపలి పొర మందంగా అవుతుంది. తర్వాత ఎల్.హెచ్. అనే హార్మోన్ ఒక్కసారిగా పెరుగుతుంది. అది పెరిగిన ఒకటి, ఒకటిన్నర రోజుల్లో అండం విడుదలవుతుంది. అండం బతికేది 12 నుంచి 24 గంటలు. ఆ తర్వాత ప్రొజెస్టిరాన్ అనే ఇంకో హార్మోన్ పెరిగి లోపలి పొరను నిలబెడుతుంది. గర్భం రాకపోతే ప్రొజెస్టిరాన్ పడిపోతుంది, పొర ఊడి బయటికి వస్తుంది. అదే డేట్ రావడం.

ఇందులో ఒక విషయం బాగా పట్టుకోవాలి. అండం విడుదలయ్యాక డేట్ వచ్చేదాకా పట్టే కాలం ఒకే మనిషికి నెలనెలా పెద్దగా మారదు. చాలామందికి అది 12 నుంచి 14 రోజులు. మారేది ముందు సగమే. పరీక్షల టెన్షన్, టైఫాయిడ్ లాంటి జ్వరం, నైట్ షిఫ్టులు, ఒక్కసారిగా బరువు తగ్గడం లేదా పెరగడం వల్ల అండం విడుదల ఆలస్యమవుతుంది, దాంతో డేట్ వెనక్కి పోతుంది. అంటే డేట్ లేటైతే కారణం వెతకాల్సింది నిన్న మొన్నటి రోజుల్లో కాదు, అంతకు రెండు మూడు వారాల ముందు.

మొదటి మెట్టు: ఒకటో రోజు ఏదో తేల్చుకోవడం

ప్యాడ్ పెట్టుకోవాల్సినంత ఎర్రగా బ్లీడింగ్ మొదలైన రోజు ఒకటో రోజు. దానికి ముందు ఒకటి రెండు రోజులు గోధుమ రంగు మరక కనిపిస్తే దాన్ని "మరక" అని విడిగా రాయండి, లెక్కలో కలపకండి. రాత్రి పదకొండింటికి మొదలైతే ఆ రోజు వేయాలా, మర్నాడు వేయాలా అన్నది మీ ఇష్టం. ఏది అనుకున్నా ప్రతిసారీ అదే పాటించండి.

మన ఇళ్ళలో లెక్క తప్పేది ఎక్కువగా ఇక్కడే. నాలుగో రోజో ఐదో రోజో తలస్నానం చేసిన నాటి నుంచి లెక్కపెట్టే అలవాటు చాలామందికి ఉంది. అలా చూస్తే 28 రోజుల చక్రం 24 రోజుల్లా కనిపించి "నాకు ముందే వచ్చేస్తోంది" అనే అనవసరమైన దిగులు పట్టుకుంటుంది. స్నానం తారీఖు ఇంటి ఆచారం కోసం గుర్తుపెట్టుకోండి, లెక్క మాత్రం మొదలైన రోజు నుంచే.

రెండో మెట్టు: రాసే చోటు ఎంచుకోవడం

గోడ మీది క్యాలెండర్, చిన్న పుస్తకం, ఫోన్‌లో నోట్స్, యాప్: ఏదైనా పనికొస్తుంది. నా మాట అడిగితే మొదటి మూడు నెలలు కాగితమే మేలంటాను. చేత్తో రాసి, తేడా మీరే లెక్కపెట్టుకుంటే మీ శరీరం తీరు మీకు పట్టుబడుతుంది. ఉమ్మడి ఇంట్లో గోడ క్యాలెండర్ మీద అందరికీ కనపడటం ఇష్టం లేకపోతే తారీఖు పక్కన చిన్న చుక్క చాలు, వివరాలు పుస్తకంలో పెట్టుకోండి.

యాప్ వాడేవాళ్ళు రెండు సంగతులు తెలుసుకోవాలి. అది చూపించే "అండం విడుదల రోజు" మీ పాత తేదీల సగటు మీద వేసిన అంచనా మాత్రమే, మీ ఓవరీలోకి తొంగిచూసి చెప్పింది కాదు. రెండోది, మీ సమాచారం ఎక్కడికి పోతోందన్న సంగతి. ఫ్లో అనే ప్రసిద్ధ యాప్ వాడుకరుల ఆరోగ్య సమాచారాన్ని బయటి కంపెనీలకు పంపిందన్న ఆరోపణ మీద 2021లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో రాజీ ఒప్పందం చేసుకోవాల్సి వచ్చింది. పేరు, మెయిల్ అడగకుండా ఫోన్‌లోనే సమాచారం దాచే యాప్‌లు ఉన్నాయి, అలాంటిది చూసుకోండి.

మూడో మెట్టు: తేడాలు లెక్కపెట్టడం

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒకామెకు డేట్ వచ్చిన తారీఖులు ఇవి: జనవరి 6, ఫిబ్రవరి 4, మార్చి 3, ఏప్రిల్ 2, ఏప్రిల్ 29, మే 30, జూన్ 27.

జనవరి 6 నుంచి ఫిబ్రవరి 4కి 29 రోజులు. ఆ తర్వాత వరసగా 27, 30, 27, 31, 28. ఆరు చక్రాల సగటు 29కి కాస్త తక్కువ. ఏప్రిల్‌లో రెండుసార్లు వచ్చింది కాబట్టి ఆమె కంగారు పడి ఉండొచ్చు, కానీ మధ్యలో 27 రోజులున్నాయి. అంటే అది పూర్తిగా మామూలే. "నెలనెలా ఒకే తారీఖుకు రావాలి" అన్నది మన దగ్గర బాగా పాతుకుపోయిన అపోహ. 28 రోజుల చక్రం ఉన్న మనిషికి డేట్ క్యాలెండర్‌లో నెలనెలా రెండు మూడు రోజులు ముందుకు జరుగుతూనే ఉంటుంది. జరగాలి కూడా.

పెద్దవాళ్ళలో చక్రం 21 నుంచి 35 రోజుల మధ్య, బ్లీడింగ్ రెండు నుంచి ఏడు రోజుల మధ్య ఉంటే మామూలుగానే చూస్తారు. మీ చక్రాల్లో అన్నిటికన్నా చిన్నదానికీ పెద్దదానికీ మధ్య వారం దాకా తేడా ఉన్నా పర్వాలేదు. పైన చెప్పినామెకు ఆ తేడా నాలుగు రోజులే. తర్వాతి డేట్ అంచనా వేయాలంటే ఒక్క తారీఖు అనుకోకండి, ఒక పట్టీ అనుకోండి. జూన్ 27కి 27 రోజులు కలిపితే జూలై 24, 31 కలిపితే జూలై 28. ఆ ఐదు రోజుల్లో ఎప్పుడైనా రావచ్చు. పెళ్ళికో ఊరికో వెళ్ళేటప్పుడు బ్యాగులో ప్యాడ్లు పెట్టుకోవడానికి ఈ లెక్క సరిపోతుంది.

నాలుగో మెట్టు: ఎంత అవుతోందో కొలవడం

నిజానికి ఇది అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు, ఎక్కువమంది వదిలేసేదీ ఇదే. అమ్మకూ అలాగే అయ్యేది, అక్కకూ అలాగే అయ్యేది కాబట్టి ఎంత ఎక్కువైనా "మా ఇంట్లో అంతే" అనుకుని ఏళ్ళ తరబడి నెట్టుకొస్తారు. ఒక నెలసరిలో పోయే రక్తం చాలామందికి 30, 40 మిల్లీలీటర్ల దాకా ఉంటుంది. 80 మిల్లీలీటర్లు దాటితే ఎక్కువ బ్లీడింగ్ కింద లెక్క. ప్యాడ్ బదులు లోపల పెట్టుకునే మెన్‌స్ట్రువల్ కప్ వాడేవాళ్ళకు దాని మీద గీతలు ఉంటాయి కాబట్టి పని తేలిక. ప్యాడ్ వాడేవాళ్ళ కోసం డాక్టర్లు వాడే ఒక మార్కుల పద్ధతి ఉంది: కొంచెం మరకైన ప్యాడ్‌కు 1, సుమారు సగం తడిసినదానికి 5, పూర్తిగా తడిసినదానికి 20. నెలసరి మొత్తానికి 100 దాటితే ఎక్కువ అవుతోందని అనుమానించాలి.

ఎలా ఉంటుందో చూడండి. మొదటి రోజు నాలుగు ప్యాడ్లు, రెండు సగం, రెండు పూర్తిగా: 10కి 40 కలిపి 50. రెండో రోజు మూడు పూర్తిగా, రెండు సగం: 70. మూడో రోజు మూడు సగం: 15. నాలుగో రోజు రెండు కొంచెం కొంచెం: 2. మొత్తం 137. నాలుగు రోజుల్లోనే ఆగిపోయింది కాబట్టి ఈమె తనకు ఏ ఇబ్బందీ లేదనే అనుకుంటుంది. మార్కులు వేరేమాట చెప్తున్నాయి. ప్యాడ్ల సైజు మారితే మార్కులూ మారతాయి కాబట్టి పోల్చుకునే నెలల్లో ఒకే రకం వాడండి. బట్ట వాడేవాళ్ళకు ఈ మార్కులు సరిగ్గా కుదరవు. వాళ్ళు రోజుకు ఎన్నిసార్లు మార్చారో, రాత్రి లేవాల్సి వచ్చిందో లేదో రాస్తే చాలు.

దీనితో పాటు గడ్డలు పడుతున్నాయా, రూపాయి బిళ్ళ కన్నా పెద్దవా, పక్క మీద మరకలు అవుతున్నాయా అన్నవి కూడా ఒక్కో మాటలో రాయండి. గంట రెండు గంటలకే ప్యాడ్ నిండిపోతుంటే మార్కులు వేస్తూ కూర్చోవద్దు, డాక్టర్‌ను కలవండి.

ఇంతగా ఎందుకు చెప్తున్నానంటే, 2019–21 సర్వేలో దేశంలో 15–49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. మన రెండు రాష్ట్రాల్లోనూ పరిస్థితి దాదాపు అంతే. తిండిలో ఐరన్ చాలకపోవడం ఒక కారణం, నెలనెలా ఎక్కువ రక్తం పోవడం ఇంకో కారణం. మెట్లెక్కితే ఆయాసం, జుట్టు ఊడటం, ఎప్పుడూ నీరసం ఉంటే మార్కుల కాగితంతో పాటు హిమోగ్లోబిన్ కూడా చూపించుకోండి. ఐరన్ మాత్రలు వాడుతుంటే టీ, కాఫీలతో కలిపి వేసుకోకండి, ఒంటికి పట్టదు.

ఐదో మెట్టు: అండం విడుదల గుర్తులు

పిల్లల కోసం చూస్తున్నవాళ్ళకు ఇది ముఖ్యం. మిగతావాళ్ళు తెలుసుకుని ఉంటే చాలు.

వీర్యకణాలు లోపల ఐదు రోజుల దాకా బతకగలవు, అండం ఒక్క రోజే. అందుకే గర్భం వచ్చే అవకాశం ఉన్నవి అండం విడుదలయ్యే రోజు, దాని ముందు ఐదు రోజులు. అవి ఎప్పుడో లెక్కవేసే పాత పద్ధతి ఇది: కనీసం ఆరు చక్రాలు చూసి, అన్నిటికన్నా చిన్నదాంట్లో 18, పెద్దదాంట్లో 11 తీసేయాలి. మన ఉదాహరణలో 27లో 18 పోతే 9, 31లో 11 పోతే 20. తొమ్మిదో రోజు నుంచి ఇరవయ్యో రోజు దాకా, అంటే జూలై 5 నుంచి 16 దాకా. గర్భం కావాలనుకుంటే ఆ రోజుల్లో రోజు విడిచి రోజు కలిసినా చాలు. గర్భం వద్దనుకునేవాళ్ళు మాత్రం ఈ ఒక్క లెక్కను నమ్ముకోవద్దని గట్టిగా చెప్తాను. ఒక్క చక్రం అటూ ఇటూ అయితే లెక్క మొత్తం తప్పుతుంది. దానికి కండోమ్, కాపర్ టి, మాత్రలు లాంటివి ఉన్నాయి.

ఒంటి గుర్తుల్లో తెలివిడిగా కనిపించేది తెల్లబట్ట. డేట్ అయిపోయాక కొన్నాళ్ళు పొడిగా ఉంటుంది, తర్వాత జిగటగా, ఆ తర్వాత మీగడలా అవుతుంది. అండం విడుదల దగ్గర పడేసరికి గుడ్డు తెల్లసొనలా తేటగా మారి, రెండు వేళ్ళ మధ్య తీగలా సాగుతుంది. విడుదలయ్యాక మళ్ళీ చిక్కబడుతుంది. తెల్లబట్ట అయితే ఒంట్లో బలం పోతుందని పెద్దవాళ్ళు భయపెడతారు. ఇలా నెలలో మారుతూ ఉండే తెల్లబట్ట ఆరోగ్యానికి గుర్తే. దురద, మంట, చెడు వాసన, పెరుగు విరిగినట్టు ముక్కలుగా పడటం, ఆకుపచ్చ రంగు ఉంటేనే ఇన్ఫెక్షన్ అనుకుని చూపించుకోవాలి.

రెండో గుర్తు ఒంటి వేడి. నిద్ర లేవగానే, మంచం దిగకముందే, ఎవరితోనూ మాట్లాడకముందే నాలుక కింద డిజిటల్ థర్మామీటర్ పెట్టి రోజూ ఒకే వేళకు రాయాలి. అండం విడుదలయ్యాక ఇది అర డిగ్రీ ఫారెన్‌హీట్ అటూ ఇటూగా పెరిగి, డేట్ వచ్చేదాకా అలాగే ఉంటుంది. ముందు ఆరు రోజుల కన్నా ఎక్కువగా వరసగా మూడు రోజులు నిలబడితే అండం విడుదలైపోయిందని అర్థం. ఇది జరిగిపోయినదాన్ని చెప్తుంది, రాబోయేదాన్ని కాదు. జ్వరం, రాత్రి జాగరణ, నైట్ డ్యూటీ ఉన్న రోజుల్లో దీన్ని నమ్మలేం. చంటిపిల్లతో రాత్రంతా లేస్తూ ఉండే తల్లికి అసలు కుదరదు, ఆమె తెల్లబట్ట గుర్తులే చూసుకోవాలి.

మెడికల్ షాపులో దొరికే ఓవులేషన్ స్ట్రిప్‌లు మూత్రంలో ఎల్.హెచ్. పెరగడాన్ని పట్టిస్తాయి. పీసీఓఎస్ (అండం సరిగ్గా విడుదల కాని హార్మోన్ల సమస్య) ఉన్నవాళ్ళలో అవి తప్పు చూపించే అవకాశం ఎక్కువ.

ఆరో మెట్టు: నొప్పి, మూడ్, మందులు

నొప్పిని పది మార్కులకు వేయొచ్చు. అంతకన్నా "కాలేజీకి వెళ్ళలేదు", "పొలం పని మానేశాను", "రెండు మాత్రలు వేసుకున్నా తగ్గలేదు" అన్న మాటలు డాక్టర్‌కు ఎక్కువ పనికొస్తాయి. మాత్రకు లొంగని నొప్పి, ఏడాదికేడాది పెరిగే నొప్పి, కలిసినప్పుడో మలవిసర్జన అప్పుడో వచ్చే నొప్పి ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరిగే జబ్బు) కావచ్చు. "పెళ్ళయితే తగ్గిపోతుంది" అని దాన్ని వాయిదా వేయకూడదు.

చిరాకు, ఏడుపు, తలనొప్పి, రొమ్ముల సలపరం ఏ రోజున వచ్చాయో రెండు మూడు నెలలు రాస్తే అవి డేట్‌కు ముందు వారంలోనే వస్తున్నాయా, నెలంతా ఉన్నాయా తేలిపోతుంది. ఆ రెండింటికీ చికిత్స వేరు.

మందుల గడి ఖాళీగా వదలకండి. పూజ, పెళ్ళి, తీర్థయాత్ర వస్తే డేట్ వాయిదా మాత్రలు వేసుకోవడం మన ఇళ్ళలో మామూలైపోయింది. అవి హార్మోన్ మాత్రలు. రక్తం గడ్డకట్టే సమస్య ఉన్నవాళ్ళు, లివర్ జబ్బు ఉన్నవాళ్ళు వేసుకోకూడదు. షాపువాణ్ణి కాదు, డాక్టర్‌ను అడిగి వేసుకోండి. ఆపాక సాధారణంగా రెండు మూడు రోజుల్లో బ్లీడింగ్ వస్తుంది. ఆ నెల చక్రాన్ని సగటులో కలపకండి. అత్యవసర గర్భనిరోధక మాత్ర వేసుకున్న నెలా అంతే, డేట్ వారం ముందూ వెనకా కావచ్చు. నెలనెలా గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే ఆ మధ్యలో వచ్చే బ్లీడింగ్ మాత్ర ఆపినందుకు వచ్చేది, సహజమైన చక్రం కాదు.

వయసును బట్టి లెక్క మారుతుంది

పెద్దమనిషి అయిన మొదటి రెండు మూడేళ్ళు చక్రాలు అస్తవ్యస్తంగా ఉంటాయి, 45 రోజుల దాకా పోవచ్చు. మూడు నెలలు దాటినా రాకపోతే, పదిహేనేళ్ళు నిండినా మొదలే కాకపోతే చూపించాలి. అమ్మాయికి ఫంక్షన్ చేసి చీర కట్టించే రోజునే ఒక చిన్న పుస్తకం కూడా ఇవ్వండి. మొదటి రెండు నెలలు తల్లో అక్కో పక్కన కూర్చుని రాయిస్తే అలవాటు పడుతుంది.

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నాక రాయడం అనవసరం అనుకుంటారు. ఆ ఆపరేషన్‌లో మూసేది అండం వెళ్ళే ట్యూబులనే. ఓవరీలు, గర్భసంచి ఎప్పటిలాగే పనిచేస్తాయి, చక్రం నడుస్తూనే ఉంటుంది.

నలభై దాటాక చక్రాలు మొదట దగ్గరవుతాయి, తర్వాత దూరమవుతాయి. వరసగా పన్నెండు నెలలు రాకపోతేనే ముట్లుడిగాయని అంటారు. ఆ తర్వాత ఒక్క చుక్క కనిపించినా, "వేడి చేసిందిలే" అనుకోకుండా, తప్పనిసరిగా పరీక్ష చేయించుకోవాలి. క్యాన్సర్ కాదని తేల్చుకోవాల్సిన సందర్భం అది.

నెల తప్పితే, గర్భం అవకాశం ఉంటే, వారం ఆగి పొద్దుటి మొదటి మూత్రంతో పరీక్ష చేసుకోండి. గర్భమైతే ప్రసవ తేదీ లెక్కకూ ఆ ఒకటో రోజే ఆధారం: తొమ్మిది నెలల ఏడు రోజులు కలపాలి. జూన్ 27 అయితే ఏప్రిల్ 3. ఏఎన్‌ఎం కార్డులో రాసే తారీఖు కూడా ఇదే.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు, ఏం తీసుకుని

21 రోజుల లోపే వస్తున్నా, 35 దాటుతూ ఏడాదికి ఎనిమిదిసార్లు కూడా రాకపోతున్నా, గర్భం లేకుండా మూడు నెలలు ఆగినా, బ్లీడింగ్ ఏడు రోజులు మించినా, రెండు డేట్ల మధ్యలో గానీ కలిసిన తర్వాత గానీ రక్తం కనిపించినా వెళ్ళండి. థైరాయిడ్, పీసీఓఎస్, గర్భసంచిలో ఫైబ్రాయిడ్ గడ్డలు, పాలిప్‌లు అనే చిన్న కండలు లాంటి కారణాలు ఉండొచ్చు. నెల తప్పి, ఒకవైపు పొత్తికడుపులో విపరీతమైన నొప్పితో కళ్ళు తిరుగుతుంటే అది ట్యూబులో గర్భం కావచ్చు, తెల్లారేదాకా ఆగకుండా ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్ళాలి.

పుస్తకం మొత్తం చూసేంత తీరిక డాక్టర్‌కు ఉండదు. ఒక కాగితం మీద ఆరు చివరి తారీఖులు, వాటి మధ్య రోజులు, బ్లీడింగ్ రోజులు, మార్కులు, వాడుతున్న మందులు, ఎన్ని కాన్పులు, ఏ ఆపరేషన్లు, ఇంకా పిల్లలు కావాలనుకుంటున్నారా లేదా అన్నవి రాసి తీసుకెళ్ళండి. గర్భసంచి తీసేయాలని చెప్తే ఈ ప్రశ్నలు అడగండి: "కారణం ఏమిటండీ? స్కానింగ్‌లో ఏం కనపడింది? బ్లీడింగ్ తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ లాంటి మాత్రలు, గర్భసంచిలో పెట్టే హార్మోన్ ఉన్న లూప్ ప్రయత్నించొచ్చా? ఓవరీలు ఉంచుతారా, తీస్తారా?" ఓవరీలు కూడా తీసేస్తే ముట్లుడిగే దశ ఆ రోజు నుంచే మొదలవుతుంది, ఎముకలకూ గుండెకూ దాని ప్రభావం ఉంటుంది. ప్రాణాపాయం లేని సందర్భంలో ఇంకో డాక్టర్‌ను అడిగి చెప్తానని లేచి రావడం మీ హక్కు. ఆ రెండో డాక్టర్ ముందు పెట్టడానికి ఆ కాగితానికి ఒక జిరాక్స్ తీయించి ఇంట్లో ఉంచుకోండి.